ఓడ ఎక్కని కంటైనర్

చిన్నకోడలు ఆ ఉదయం టీ మూడుసార్లు వేడి చేసుకుంది. ఒక్క గుక్కా దిగలేదు. వీధి తలుపు చప్పుడైతే చాలు, ఉలిక్కిపడి అటు చూస్తోంది.

"టీ నువ్వు తాగుతావా, పొయ్యికి తాగిస్తావా?" అంది అత్తగారు.

సరుకులు విదేశాలకు పంపే కంపెనీలో చిన్నకోడలి పని కొత్త ఖాతాదారులను తేవడం. ఆరు నెలలుగా ఒక్కరూ దొరక్క ఉద్యోగం ఊగిసలాడుతుంటే, బావగారు తన చెక్కబొమ్మల తొలి విదేశీ ఆర్డర్ ఆమెకు అప్పగించారు. ఇరవయ్యో తేదీ ప్రదర్శనకు అవి చేరితీరాలి.

మొన్న కంటైనర్ రేవు గేటు దాటిందని తెలియగానే, "ఓడ ఎక్కేసింది బావగారూ," అని చెప్పేసింది. గేటు దాటినవన్నీ ఓడ ఎక్కవని ఆమెకు తెలుసు. శుభవార్త చెప్పే సుఖం కోసం ఒక్కరోజు ఆగలేకపోయింది. నిన్న పొద్దున కబురొచ్చింది: ఓడలో చోటు చాలక దాన్ని వచ్చే వారం ఓడకు వదిలేశారు; ఇక ప్రదర్శనకు అందదు. అప్పటినుంచి ఆమె నోరు విప్పలేదు. మౌనం అబద్ధం కాదని తనకు తనే నచ్చజెప్పుకుంటోంది.

బావగారు వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"ఓడ ఎందాకా వెళ్లిందమ్మా?"

"వెళ్తోంది బావగారూ." ఆ మాటవరకూ నిజమే.

"మరి మన కంటైనర్?"

అత్తగారు చేస్తున్న పని ఆపింది. "అదేం ప్రశ్నరా, ఓడ వెళ్తుంటే అది వెనకాల నడిచెళ్తుందా?"

"ఎక్కలేదు," అంది చిన్నకోడలు. "రేవులోనే ఉంది. నిన్న తెలిసింది. చెప్పడానికి భయమేసింది."

"దాని నంబరు నా దగ్గరా ఉంది కదమ్మా. అది కొట్టి ఎక్కడుందో ఫోన్లో నిన్ననే చూశాను."

"మరి నన్ను అడగలేదేం?"

"నువ్వే చెప్తావని. మధ్యాహ్నం దాకా కోపం. సాయంత్రానికి భయం పట్టుకుంది. ఓడ పోతే ఇంకో ఓడ వస్తుంది. ఇంట్లోదానివి నువ్వే దాస్తే, ఇక ఎవర్ని నమ్మి పంపను?"

ఆమెకు ఏడుపు ఆగలేదు. ఆయన కేకలేస్తారనే అనుకుంది గాని, ఆయనా ఒంటరిగా భయపడుతూ కూర్చుంటారని ఒక్కసారీ తోచలేదు.

"షెడ్డులో రెండు పెట్టెల బొమ్మలున్నాయి. విమానంలో పంపితే ఇరవయ్యోకి అందుతాయా?"

'అందుతాయి' అన్న మాట అలవాటుగా నాలుక చివరికి వచ్చింది. ఆమె దాన్ని మింగేసింది.

"తెలీదు బావగారూ. కనుక్కుంటాను. కాకపోతే కాదనే చెప్తాను."

బావగారు మొదటిసారిగా కుర్చీలో వెనక్కి వాలారు.

"ఇప్పుడు కాస్త ధైర్యంగా ఉందమ్మా," అన్నారు.