దూదికి వేసవి క్రాపు

“అంటే, బొచ్చు దానంతటదే ఊడిపోయిందంటారు?”

“అవునండీ,” అన్నాడు సెలూనబ్బాయి. “ఎండలు కదండీ. రెండు మూడు రోజుల్లో... మొత్తం...”

పశువుల డాక్టరమ్మాయి స్టీలు బల్ల మీదున్న కుక్కను ఒక పక్కకి తిప్పింది, ఇంకో పక్కకి తిప్పింది. కళ్ళజోడు పైకి తోసుకుని, మెడ దగ్గర వేలు పెట్టి చూసింది.

“దానంతటదే ఊడిన బొచ్చుకి మెషీను గీతలు పడవు. పైగా ఇక్కడ, చెవుల కింద, కొంచెం కొంచెంగా పల్చన చేసుకుంటూ వచ్చారు. దీన్ని ఏమంటారు?”

“ఫేడ్ అంటారండీ.”

అన్నాక నాలుక కరుచుకున్నాడు.

“ఏం చేస్తుంటారు మీరు?”

“సెలూనండీ. మెయిన్ రోడ్డు చివర.”

మందు సీసాలు సర్దుతున్న ముసలి కాంపౌండరు గోడకేసి తిరిగి దగ్గాడు. అది దగ్గు కాదని దూదికి కూడా తెలిసింది.

దూది నాయనమ్మ కుక్క. మూడు రోజుల కిందటిదాకా తెల్లగా, గుండ్రంగా, పేరుకు తగ్గట్టే ఉండేది. నాయనమ్మ మోకాలికి ఆపరేషను చేయించుకుని, రెండు నెలలు కూతురి దగ్గర ఉండడానికి వేరే ఊరు వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ దూదిని మనవడి చేతుల్లో పెట్టి, “నా ప్రాణం నీకిచ్చి పోతున్నానురా” అంది.

అతను ఆ మాటను అక్షరాలా తీసుకున్నాడు. నెల తిరిగేసరికి ఎండలు ముదిరి, దూది నాలుక బారెడు వేలాడేసి ఆయాసపడుతుంటే చూడలేకపోయాడు. సెలూనుకి వచ్చే ప్రతివాడూ ‘ఉడికిపోతున్నాం, పొట్టిగా కొట్టు’ అంటాడు, తేలికైన తలతో నవ్వుతూ వెళ్తాడు. మనుషులకి హాయి అయినది కుక్కకి ఎందుకు కాదు? సెలవు రోజున దూదిని తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి, మెడకి గుడ్డ కట్టి, రెండో నంబరు మెషీనుతో కొట్టేశాడు. అలవాటు పడిన చెయ్యి, ఫేడ్ కూడా వేసేసింది. అంత బొచ్చులోంచి ఎలుకంత ప్రాణి బయటపడింది. మూడో రోజుకి దాని వీపు ఎర్రగా కందిపోయింది.

“ఆ బొచ్చు దానికి కంబళి అనుకున్నారు మీరు,” అంది డాక్టరమ్మాయి మందు రాస్తూ. “గొడుగండీ అది! ఎండని లోపలికి రానివ్వదు. చిక్కులు తీసి దువ్వితే చాలు, గాలి ఆడుతుంది. మీరు గొడుగు లాక్కుని ఎండలో నిలబెట్టారు.”

“దాని మంచికే అనుకున్నానండీ.”

“అది నాకు అర్థమైంది. మంచికే చేసి, అబద్ధం ఎందుకు చెప్పారు?”

అతను దూది వైపు చూశాడు. దూది అతని వైపు చూడలేదు.

“దీనికి నోరు లేదు. ఇక్కడ దీని నోరు మీరే,” అందామె. “మీరు తప్పు చెప్తే నేను తప్పు మందు వేస్తాను. బాధ పడేది ఇది.”

తరవాత చీటీ మీద రాసిచ్చింది. నడక పొద్దున్న ఆరు లోపే. రోడ్డు మీద చేతి వెనక వైపు ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టాలి, చెయ్యి కాలితే దూది కాళ్ళూ కాలతాయి. నీళ్ళు ఒక్క చోట కాదు, మూడు చోట్ల. ఆపి ఉంచిన కారులో అద్దం దించినా సరే, ఒక్క నిమిషం కూడా వదలకూడదు. ఒంటికి పల్చటి నూలు చొక్కా. రోజు మార్చి రోజు తెచ్చి చూపించాలి.

అతను రోజు మార్చి రోజు కాదు, రోజూ వెళ్ళాడు.

“ఒరేయ్,” అంది వాళ్ళమ్మ నాలుగో రోజున, దూది చొక్కాకి గుండీ కుడుతూ. “కుక్కని చూపించడానికి నువ్వెందుకురా సెంటు కొట్టుకోవడం?”

“ఆస్పత్రిలో మందుల వాసనమ్మా.”

“ఆహా. ఆ వాసన నీకా, నీ నుంచి వాళ్ళకా?”

ఆస్పత్రిలో పొద్దున్న ఏడింటికి జనం ఉండరు. కిటికీలోంచి ఏటవాలుగా వెలుతురు పడుతుంది. డాక్టరమ్మాయి దూది కడుపు కింద చెయ్యి పెట్టి చూస్తున్నప్పుడు ఆమె జడ భుజం మీదుగా ముందుకి జారుతుంది. చివర్లు చిట్లాయి, అంగుళం కత్తిరిస్తే బాగుంటుందని సెలూనబ్బాయి కళ్ళతోనే కొలిచేవాడు. ఓసారి ఆమె ఆ చూపు పట్టేసింది.

“నా వైపు అలా చూడకండి. దూదికి అయింది చూశాక నాకు భయంగా ఉంది.”

అతని చెవులు కాలిపోయాయి. ఆమె నవ్వింది. అదే మొదటిసారి.

అలా సాగిపోయేదే. కానీ పదో రోజున ఆమె మామూలుగా అడిగింది. “మీ నాయనమ్మగారికి చెప్పారా?”

“ఇంకా లేదండీ. రోజూ సాయంత్రం ఆరింటికి వీడియో కాల్ చేస్తుంది. మొహం ఒక్కటి చూపిస్తున్నాను. మొహం మీద మెషీను పెట్టలేదుగా.”

“మిగతాది?”

“దుప్పటి కప్పుతున్నా. మోకాలు నయం కానీండి, చెప్తా.”

“మోకాలికీ బొచ్చుకీ ఏంటి సంబంధం?”

ఆమె చెయ్యి కడుక్కుని తుడుచుకుంది. అవసరమైన దానికంటే ఎక్కువసేపు తుడుచుకుంది.

“ఆ రోజు నాకు ఒక అబద్ధం. ఇప్పుడు ఆవిడకి రోజుకొకటి.”

ఆ తరవాత అతనితో మాట్లాడ్డం మానేసింది. ఏం చెప్పాలన్నా దూదితోనే.

“దూదీ, నిన్న నడకకి ఎన్నింటికి వెళ్ళావో చెప్పమను.”

“అయిదున్నరకండీ.”

“దూదీ, చొక్కా తడిసిపోతే మార్చమను.”

“మారుస్తానండీ.”

కాంపౌండరు బయటికి సాగనంపుతూ గొంతు తగ్గించాడు. “మా అమ్మాయిగారికి కోపం వస్తే కుక్క భాష మాట్లాడతారు బాబూ. అదీ మానేస్తే మాత్రం ఆశ వదులుకో.”

ఆ వారం చివర్లో పెళ్ళిళ్ళు. సెలూను కిటకిటలాడుతోంది. దూదిని ఎప్పటిలాగే వెనక గదిలో పడుకోబెట్టాడు. పైన రేకులే గానీ, ఫ్యాను ఉంది, నీళ్ళున్నాయి, గంటకోసారి తను చూస్తాడు. మధ్యాహ్నం కరెంటు పోయింది. ముందు గదికి ఇన్వర్టరు ఉంది గనక కుర్చీల పైన ఫ్యాన్లు ఆగలేదు. ఆగకపోవడంతో వెనక గది సంగతి అతనికి తట్టలేదు. పెళ్ళికొడుకు గడ్డానికి నురగ పట్టించి సగం గీశాక, తువ్వాలు కోసం తలుపు తీశాడు. పొయ్యి మూత తీసినట్టు వేడి మొహానికి కొట్టింది.

దూది నేల మీద పక్కకి ఒరిగి ఉంది. చొంగ తీగలు సాగుతోంది. చిగుళ్ళు ఇటుక రంగులో ఉన్నాయి. పిలిస్తే లేవబోయి కూలబడింది.

సెలూనబ్బాయి దాన్ని ఎత్తుకొచ్చి ఫ్యాను కింద పెట్టాడు. జుట్టు తడిపే స్ప్రే సీసాలు రెండు పట్టుకుని కడుపు మీద, తొడల సందుల్లో, అరికాళ్ళకి నీళ్ళు కొట్టాడు.

“ఐసు నీళ్ళు గుమ్మరించవయ్యా!” అన్నాడొకాయన.

“వద్దండీ, ఐసు వద్దు. మామూలు నీళ్ళే.”

“తడి తువ్వాలు కప్పు!”

“కప్పితే ఆవిరి పట్టేస్తుందండీ, గాలి తగలాలి.” ఆమె దూదితో చెప్పిన మాటలన్నీ అతనికి కంఠతా ఉన్నాయి.

పెళ్ళికొడుకు కుర్చీలోంచి లేచాడు. మెడకి గుడ్డ, ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో. “కారు బయటే ఉంది. ఏసీ వేస్తాను, పదండి.”

దారి పొడవునా సెలూనబ్బాయి ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు కొడుతూనే ఉన్నాడు. దూది చూపు ఎక్కడా నిలవడం లేదు. నా ప్రాణం, అంది నాయనమ్మ.

బల్ల మీద పెట్టగానే డాక్టరమ్మాయి థర్మామీటరు పెట్టింది, చిగుళ్ళు నొక్కి చూసింది. అప్పుడు నేరుగా అతని కళ్ళలోకి చూసి అడిగింది.

“ఎంతసేపు ఉంది ఆ వేడిలో?”

‘పదినిమిషాలు’ అన్న మాట అతని నాలుక చివరే ఉంది. పదినిమిషాలంటే కరెంటు వాళ్ళ తప్పు. అంతకు మించితే తన తప్పు. ఇప్పుడిప్పుడే కుక్క భాషలోనైనా పలకరిస్తున్న మనిషి, ఇక మొహం కూడా చూడదు.

“యాభై నిమిషాలు,” అన్నాడు. “ఒంటిగంటకి కరెంటు పోయింది. గంటకోసారి చూసేవాణ్ణి, ఇవాళ చూడలేదు. మర్చిపోయానండీ. తప్పు నాదే.”

ఆమె కాంపౌండరుతో గబగబా చెప్పింది. “సెలైను పెట్టండి. రక్తం తీయండి, కిడ్నీలు చూడాలి. రాత్రికి ఇక్కడే ఉంచుదాం.”

ఉంగరాలు తొడుక్కున్న చేత్తో పెళ్ళికొడుకు సెలైను సీసా పట్టుకుని నిలబడ్డాడు. చెంప మీద నురగ ఎండి పెచ్చులు కట్టింది.

నాలుగున్నరకి జ్వరం దిగింది. అయిదింటికి దూది తల ఎత్తి, తనంతట తానే రెండు గుక్కలు నీళ్ళు తాగింది. సెలూనబ్బాయి గోడకి ఆనుకుని అలాగే నేల మీదికి జారి కూర్చున్నాడు. పెళ్ళికొడుకు, “అయితే నా రెండో చెంప...” అన్నాడు. “మీ ఇంటికే వచ్చి గీస్తానండీ, ఏడింటికల్లా,” అన్నాడతను కళ్ళు తుడుచుకుంటూ.

డాక్టరమ్మాయి వచ్చి ఎదురుగా స్టూలు లాక్కుంది.

“మీరు పదినిమిషాలే అని ఉంటే, జ్వరం దిగగానే ఇంటికి పంపేసేదాన్ని. రక్తం చూసేదాన్ని కాదు. రిపోర్టులో కిడ్నీల మీద కొంచెం దెబ్బ కనిపిస్తోంది. ఇప్పుడు పట్టుకున్నాం గనక కుదుటపడుతుంది. ఇంటికి వెళ్ళి ఉంటే రేపటికి...” ఆమె రిపోర్టు మడిచింది. “చెప్పడం కష్టమైందని నాకు తెలుసు.”

ఆమె దూదితో కాదు, అతనితోనే మాట్లాడుతోంది. అది అతనికి కాసేపటికి గానీ తెలియలేదు.

ఆరింటికి ఫోను మోగింది. నాయనమ్మ.

అతను డాక్టరమ్మాయి వైపు చూడలేదు. ఫోను తిప్పి, దూదిని తల నుంచి తోకదాకా చూపించాడు. బోడి వీపు, సెలైను గొట్టం, అన్నీ.

“నాయనమ్మా, ఎండకి హాయిగా ఉంటుందని బొచ్చంతా నేనే తీసేశాను. ఇన్నాళ్ళూ దుప్పటి కప్పి నీకు అబద్ధం చెప్పా. ఇవాళ వేడి గదిలో ఉంచి మర్చిపోయా. గండం గడిచింది. నన్ను ఎన్ని తిట్టాలో తిట్టు.”

నాయనమ్మ ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుంది.

“నీళ్ళు తాగిందా?”

“తాగింది.”

“నిన్ను చూస్తోందా?”

దూది అప్పుడే తల తిప్పి అతని చెయ్యి నాకింది. ఫోనులో నాయనమ్మ ఏడ్చేసింది. ఏడుస్తూనే తిట్టింది. వెధవా అంది, నీ చేతులు పడిపోనూ అంది, వెంటనే పడిపోకూడదులే అంది. ముక్కు చీదుకుని, “దాన్ని బతికించిన మహాతల్లి ఎవర్రా? ఓసారి ఇటివ్వు,” అంది.

డాక్టరమ్మాయి ఫోను అందుకుంది. “నమస్కారమండీ. ముందు నీళ్ళు కొట్టి దాన్ని నిలబెట్టింది మీ మనవడే.”

“వాడి సంగతి అలా ఉంచమ్మా. రోజూ కబుర్లలో, ఎండ జాగ్రత్తలంటూ ‘డాక్టరుగారు ఇలా అన్నారు, డాక్టరుగారు అలా అన్నారు’ అని నా చెవులు తూట్లు పొడిచాడు. ఎవరో పెద్దాయన అనుకున్నాను. నువ్వా తల్లీ!” నాయనమ్మ తడి కళ్ళతోనే ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. “చక్కగా ఉన్నావు. వచ్చే వారం నేను వచ్చేస్తున్నా. వచ్చాక మీ అమ్మానాన్నలతో ఓసారి మాట్లాడొచ్చా, నీకు అభ్యంతరం లేకపోతేనే?”

“నాయనమ్మా!” సెలూనబ్బాయి ఫోను లాక్కోబోయాడు.

“అభ్యంతరం ఉంటే చెప్తానండీ,” అంది డాక్టరమ్మాయి. ఇంకేమీ చెప్పలేదు.

ఫోను పెట్టేశాక అతను ఆమె వైపు తిరిగాడు.

“ఇవాళ ఎలాగూ నిజాలే చెప్తున్నా, ఇంకొకటుంది. రోజు మార్చి రోజు రమ్మంటే నేను రోజూ వచ్చింది దూది కోసం ఒక్కటే కాదండీ.”

“తెలుసు. పోయిన మంగళవారం మీరు దూదిని ఇంట్లో మర్చిపోయి వచ్చారు.”

“మీరు చూడలేదని కాంపౌండరుగారు అన్నారే!”

“అరగంట కిటికీ దగ్గర నిలబడితే నేను చూడనా?”

అతను తల దించుకున్నాడు. ఆమె దూది పంజాను తడిగుడ్డతో మెల్లిగా తుడిచింది.

“పొద్దున్న ఏడింటికి రండి,” అంది.

“దూదికి ఏమైనా తేవాలాండీ?”

“దూదికి కావలసినవన్నీ ఇక్కడున్నాయి.” ఆమె తల ఎత్తలేదు. చెంపలు మాత్రం ఎర్రబడ్డాయి. “మిమ్మల్ని రమ్మంటున్నాను.”