నాలుగు శనివారాల ట్రయల్

"ఇంటర్నెట్ పోతే ఏం చేస్తావ్?" అంది ఉజ్వల. ఆ అమ్మాయి నాతో అన్న మొదటి మాట అదే. నా పేరైనా అడగలేదు.

"పోదండీ," అన్నాను. సేల్స్ ట్రైనింగ్‌లో అలాగే చెప్పమన్నారు.

ఆమె కౌంటర్ కిందకి వంగి, మిణుకుమిణుకుమంటున్న డబ్బాలోంచి ఒక వైర్ పీకి, చేత్తో పట్టుకుని లేచి నిలబడింది.

"ఇప్పుడు పోయింది. ఈ కందిపప్పు బిల్ చెయ్."

నా టాబ్లెట్ మీద చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. తిరుగుతూనే ఉంది. మార్చి నెల మిషిగన్ చలిలో నాకు చెమటలు పట్టాయి. నవ్వు ఆపుకుంటూ ఆమె పెదవి కొరుక్కున్న తీరు ఆ కంగారులో కూడా నా కంట పడింది. నా ఖర్మ కాకపోతే అది చూసే సమయమా?

ఫార్మింగ్టన్ హిల్స్‌లో నళిని ఆంటీ కిరాణా షాపు అది. పాత బిల్లింగ్ మెషిన్ పాడైపోయింది. ఉజ్వల వాళ్లమ్మాయి, ఇక్కడే పుట్టి పెరిగింది. వారమంతా కార్ల కంపెనీలో ఇంజనీరు, శని ఆదివారాలు కౌంటర్ దగ్గర. ఏ సిస్టమ్ కొనాలో తేల్చేది తనే. మా కంపెనీది ఆన్‌లైన్: బిల్లులు, స్టాకు అన్నీ నెట్‌లోనే ఉంటాయి, ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. ఇంకో కంపెనీది ఆఫ్‌లైన్: కౌంటర్ కింద పెద్ద కంప్యూటర్ పెడతారు. నెట్ ఉన్నా లేకపోయినా అది పనిచేస్తుంది. కాకపోతే ఆ పెట్టె పోతే అందులో ఉన్నదంతా పోతుంది.

నాలుగు శనివారాలు ట్రయల్ ఇస్తానంది ఉజ్వల. నేను ఎగిరి గంతేశాను, మనసులో.

నా సంగతి ఆమెకి చెప్పలేదు. ఎం.ఎస్. అయ్యాక కొన్నాళ్లే పనిచేసుకోనిచ్చే ఓపీటీ మీద దొరికిన ఉద్యోగం నాది. కంపెనీ మొత్తం కలిపి ఆరుగురం, కోడ్ రాసే నేనే అమ్మడానికీ తిరగాలి. ఈ షాపు సైన్ చేస్తే ఏప్రిల్ ఒకటికి నా హెచ్-వన్ వీసాకి ఫైల్ చేస్తానని, లేకపోతే తన చేతుల్లో ఏం లేదని మా బాస్ రవికుమార్ గారు చెప్పేశారు. జాలిపడి కొంటుందేమోనని ఆమెతో ఆ మాట ఎత్తలేదు.

మొదటి శనివారం పొద్దున్న అంతా సాఫీగా సాగింది. సరిగ్గా పది గంటలకి చక్రం తిరగడం మొదలైంది. లైన్ బియ్యం బస్తాల దాకా పెరిగింది. నళిని ఆంటీ కాగితం మీద బిల్లులు రాయడం మొదలుపెట్టారు. తిట్టినా బాగుండేది. పదకొండింటికి అన్నీ మళ్లీ మామూలైపోయాయి.

రెండో శనివారమూ అంతే. మధ్యలో ఆఫీస్ మానేసి వచ్చి చెక్ చేశాను, మామూలు రోజుల్లో బిల్లులు పరుగెత్తుతున్నాయి. నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే, ఆ పాత కాంప్లెక్స్‌కి కొత్త లైన్ రావడానికి ఆరు నెలలు పడుతుందన్నారు. నాకు తిండి సయించడం మానేసింది.

"పదవుతోంది. నీ చక్రం రెడీనా?" అని ఆటపట్టించేది ఉజ్వల. ఎవరినైనా 'నువ్వు' అనే పిలుస్తుంది, నన్నూ అంతే. ఒక్క వారంలో నేనూ 'అండీ' మానేశాను. పది దాటగానే నాకు టీ తెచ్చిచ్చేది. శుక్రవారం వస్తే ఆ చక్రానికి భయపడుతూనే ఆ టీ కోసం ఎదురుచూడటం నాకు అలవాటైపోయింది.

మూడో శనివారం సంగతి తేలింది.

పక్క షాపులో పదింటి నుంచి పదకొండింటి దాకా పిల్లలకి కూచిపూడి క్లాసు. మనవరాళ్లని అక్కడ దించి, నలుగురు అమ్మమ్మలు నళిని ఆంటీ షాపు తలుపు పక్కన బెంచీ మీద కూర్చుంటారు. వాళ్లలో ధనమ్మ గారు నన్ను కేకేశారు.

"నాయనా, ఇదేందో ఆగిపోయింది, చూడు."

ఫోన్‌లో ఒక సీరియల్ అత్తగారు చెయ్యెత్తి, నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. ఖమ్మంలో ధనమ్మ గారి చెల్లెలు తన ఫోన్‌ని టీవీ ముందు పెడుతుందట, అక్క చూడటానికి. మిగతా ముగ్గురూ తలా ఒక వీడియో కాల్‌లో ఉన్నారు. బెంచీ పైన గోడకి నళిని ఆంటీ రాసి అంటించిన వైఫై పాస్‌వర్డ్ ఉంది. వెనక్కి తిరిగి చూశాను. కౌంటర్ మీద నా చక్రం తిరుగుతోంది.

నలుగురి బొమ్మలూ మా బిల్లులూ ఒక్క సన్నటి లైన్‌లోంచి వెళ్లాలి. ఆ పాస్‌వర్డ్ మార్చేస్తే నా సిస్టమ్ గెలిచినట్టే. నా హెచ్-వన్ వచ్చినట్టే. ఉజ్వలకి ఒక్క మాట చెబితే చాలు.

"ఇంట్లో శనివారం పొద్దున్న ఎవరూ లేవరు, ఫోన్ సప్పుడు చెయ్యనియ్యరు నాయనా," అన్నారు ధనమ్మ గారు, సంచిలోంచి ఒక సకినం తీసి నా చేతిలో పెడుతూ. "ఈ గంట కోసమే వారమంతా చూస్తా."

ఆ సకినం నములుతూ వెళ్లి కార్‌లో కూర్చున్నాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

నాలుగో శనివారం వాన. ఉజ్వలకి ఏం చెప్పాలో రాత్రంతా అద్దం ముందు చేసిన ప్రాక్టీసు వైపర్ల చప్పుడుకే ఎగిరిపోయింది. పదయింది. చక్రం మొదలైంది. నేను టాబ్లెట్ పక్కకి జరిపాను.

"ఉజ్వలా, ఆ రెండో కంపెనీ పెట్టె తీసుకో. మీ షాపుకి ఆఫ్‌లైనే కరెక్ట్." బెంచీ వైపు చూపించి, వైఫై సంగతంతా చెప్పాను. "వాళ్లని ఆపమని నేను చెప్పలేను."

"తెలుసు," అంది.

"ఏం తెలుసు?"

"వైఫై ప్రాబ్లం. ఫస్ట్ శనివారమే తెలుసు. ఆ వైఫై పెట్టింది నేనే."

"మరి చెప్పలేదేం?"

ఆమె బయట వాన చూస్తూ నిలబడింది. "చెప్తే ఫిక్స్ చేసేస్తావ్. మళ్లీ రావు." తర్వాత నా వైపు తిరిగింది. "నీకెప్పుడు తెలిసింది?"

"పోయిన శనివారం."

"మరి ఇవాళెందుకొచ్చావ్? ఫోన్ చేసి చెప్పచ్చు కదా."

నా దగ్గర ఒకే జవాబు ఉంది. "నిన్ను చూడటానికి."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడే బియ్యం బస్తాల వెనక నుంచి నళిని ఆంటీ గొంతు వినిపించింది. "మరి మీ బాస్ ఏమంటాడు బాబూ, ఉత్తచేతులతో వెళితే?"

అప్పుడు చెప్పక తప్పలేదు. హెచ్-వన్ మాట వినగానే ఉజ్వల మొహం పాలిపోయింది.

"నేను ఆటలాడుతున్నా, నీకు వీసా పోతుందా? ఎందుకు చెప్పలేదు నువ్వు?" ఆమెకి నిజంగా కోపం రావడం అదే మొదటిసారి చూశాను. నా ఫోన్ లాక్కుని రవికుమార్ గారికి కాల్ చేసింది. నెట్ లేనప్పుడు కూడా బిల్ చేసి, నెట్ వచ్చాక దాన్ని పైకి పంపే సిస్టమ్ చేసిస్తే ఇవాళే సైన్ చేస్తామంది. ఇలాంటి సన్నటి లైన్లున్న షాపులు వాళ్లమ్మకి ఇంకో నాలుగు తెలుసంది. అది చేసే మనిషి మీ దగ్గరే ఉన్నాడు, మీరు పంపించెయ్యకపోతే, అంది.

ఆలోచించి చెబుతానన్నారాయన.

ఆ తర్వాతి పది నిమిషాలు ఫోన్ వైపే చూస్తూ నిలబడ్డాను. ఉజ్వల నా పక్కనే నిలబడి కౌంటర్ అంచు గట్టిగా పట్టుకుంది. ఆమె చిటికెన వేలు వచ్చి నా వేలికి తగిలింది, అక్కడే ఉండిపోయింది. చివరికి మెసేజ్ వచ్చింది: 'సోమవారం నీ హెచ్-వన్ పేపర్లు పంపిస్తున్నాను. ఆ కొత్త సిస్టమ్ జూన్‌కల్లా పనిచెయ్యాలి.'

మెసేజ్ ఆమెకి చూపించాను. ఉజ్వల కళ్లు తుడుచుకుంది. నళిని ఆంటీ వచ్చి, మధ్యాహ్నం భోజనం తమ ఇంట్లోనే అని, కాదనడానికి వీల్లేదని చెప్పి లోపలికి వెళ్లిపోయారు.

అప్పుడు చూశాం. ధనమ్మ గారు ఎంతసేపటి నుంచో ఫోన్‌ని మా వైపే తిప్పి పట్టుకున్నారు.

"అక్కా, ఆ పిల్లకి ఏం చెప్పిండు?" అంటోంది ఖమ్మం చెల్లెలు. "సగంలో బొమ్మ ఆగిపోయింది. ఇక్కడ టీవీ కూడా ఆపేసి కూర్చున్నం."

మిగతా ముగ్గురు అమ్మమ్మలూ గబగబా తమ కాల్స్ కట్ చేసి ఆ ఫోన్ చుట్టూ చేరారు. ఖమ్మం బొమ్మ తేటగా వచ్చింది. కౌంటర్ మీద నా చక్రం కూడా ఆగి, బిల్ దానంతటదే ప్రింట్ అయింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

"ఇప్పుడు లైన్ బాగుంది," అంది ఉజ్వల, నా వేలు పట్టుకుని. "ఇందాకన్నది మళ్లీ చెప్పు."

చెప్పాను, ఖమ్మం దాకా వినపడేలా.