గుర్రపుశాలలో నలభై చోట్లు

"మాస్టారిని ఇవాళ సాయంత్రం చంపబోతున్నారు," అన్నాడు చీఫ్, చొక్కా గుండీ ఊడిందని చెప్పినంత తేలిగ్గా.

ఏజెంట్ మిడత కదల్లేదు. పందొమ్మిదో అంతస్తు నుంచి దూకి, నేలకు చేరేలోపు కాఫీ తాగేశాడని అతని గురించి చెప్పుకుంటారు. అది వట్టి అబద్ధం. తాగింది టీ.

కానీ మాస్టారు అతనికి సంకేతాలు నేర్పిన గురువు. విదేశీ ముఠా గుట్టంతా మోసుకొచ్చి, ఊరి చివర ఒక గదిలో ఫోనైనా లేకుండా దాక్కున్నాడు. ఆ గది ఎక్కడుందో చీఫ్‌కు కూడా తెలియదు. మిడతకే తెలుసు.

"చంపేది ఎవరు సార్?"

"మొహం తెలీదు, పేరు తెలీదు. వీళ్లు ఉత్తరాలు రాయరు. ఆన్‌లైన్ ఆటలో దూరి, 'గుర్రపుశాల' అనే చాట్ ఛానల్లో మాట్లాడుకుంటారు. దాన్ని నడిపేవాణ్ని నిన్న పట్టేశాం. వాడి కుర్చీలో నువ్వు కూర్చో. నాలుగింటికి హంతకుడు వచ్చి 'గుర్రానికి దాణా ఉందా?' అంటాడు, అంటే మాస్టారి అడ్రసు చెప్పమని. జవాబు కోసం ఒక్క నిమిషమే చూస్తాడు."

"తప్పుడు అడ్రసు ఇచ్చేస్తాను."

"పాత గోడౌన్‌ది ఇవ్వు. అక్కడ నేనుంటా, ఇరవైమంది పోలీసులుంటారు. ఏజెంట్ చిలక కంట్రోల్ రూమ్ నుంచి నీకు తోడు. పనయ్యేదాకా ఆ గదికి బయట తాళం, మా ఫోన్లన్నీ బంద్."

చిలక నడిచి వెళితే గుమాస్తాలకు కూడికలు తప్పేవి. ఏడు భాషలు, ఎనిమిది పాస్‌పోర్టులు. వరస లేకపోయినా మిడతను మూడేళ్లుగా బావా అనే పిలిచేది. మొన్న మాస్టారికి దగ్గని తెలిసి, "పాపం, మందు పంపిద్దాం బావా" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. మిడత మనసు వెన్నలా కరిగింది. అడ్రసు చెప్పేశాడు.

మూడున్నరకు అతను ఇంటర్నెట్ సెంటర్లో, దూది బయటికొచ్చిన కుర్చీలో, అతికించిన మీసంతో కూర్చున్నాడు. ఛానల్ యజమాని పేరు పక్కన చిన్న కిరీటం బొమ్మ ఉంటుంది. అది ఉన్నవాళ్లు ఎవరినైనా లోపలికి రానివ్వగలరు, ఎవరినైనా బయటికి గెంటగలరు.

చిలక నుంచి మెసేజ్ వచ్చింది. "బావా, అక్కడ కరెంటు పోతే మన పని గోవిందా. కిరీటం నాకిచ్చేయ్. నువ్వు మాట్లాడు చాలు."

నిజమేననుకుని ఇచ్చేశాడు.

మూడూ యాభై ఆరు. తెరమీద ఎర్రటి గీత: "మిమ్మల్ని ఈ ఛానల్ నుంచి బహిష్కరించారు."

వేలు జారిందేమో అనుకున్నాడు. వెంటనే ఇంకో మెసేజ్. "సారీ బావా. వాడికి అసలు అడ్రసే ఇస్తాను. దగ్గుమందు కూడా పంపలేదులే."

మిడత గడియారం చూశాడు. మాస్టారి గదికి అరగంట దారి. చీఫ్ ఫోన్ బంద్. అవతల తాళం వేసిన గదిలో చిలక. ఏడవడానికి కూడా నాలుగు నిమిషాలే ఉన్నాయి.

ఏడవలేదు. కొత్త ఖాతా తెరిచాడు. ఆ ఆటలో కొత్తగా పుట్టిన వీరుడికి గోచీ, కర్ర తప్ప ఏమీ ఇవ్వరు. ఆ గోచీతోనే మూడు వేలమంది తిరిగే పెద్ద లాబీలో నిలబడి టైపు చేశాడు:

"గుర్రపుశాల ఛానల్లో బంగారు కత్తులు ఊరికే పంచుతున్నారు! అయిపోతున్నాయి!"

"నిజమా అన్నా?"

"నాకు రెండొచ్చాయి తమ్ముడూ!"

ఇక చూడాలి! బెల్లం చుట్టూ ఈగల్లా జనం విరగబడ్డారు. ఆ ఛానల్లో పట్టేది నలభైమందే. చిలక ఒకణ్ని గెంటితే ఆ సందులో ఇంకొకడు దూరాడు. "నా కత్తేదమ్మా?" అని ఒకడు, "అక్కా, నాకు పెద్దది!" అని ఇంకొకడు. తలుపు మూసేద్దామంటే హంతకుడూ బయటే ఉండిపోతాడు. విడిగా వాడికే మెసేజ్ పెడదామంటే, ఏ పేరుతో వస్తాడో ఆమెకూ తెలియదు.

నాలుగైంది. యాభై సెకన్లు గడిచాయి. 'ఛానల్ నిండింది' అన్న పలకకు తలబాదుకుని విసిగిన ఒక నల్లముసుగువాడు లాబీలోనే అరిచాడు:

"ఒరేయ్, గుర్రానికి దాణా ఉందా లేదా?"

యాభై ఎనిమిదో సెకనులో గోచీ వీరుడు వాడి చెవిలో రహస్యంగా చెప్పాడు: "ఉంది. పాత గోడౌన్, వెనక తలుపు."

హంతకుడు ఆ వెనక తలుపులోంచి సరాసరి చీఫ్ కౌగిట్లోకి నడిచాడు.

అయిదింటికి కంట్రోల్ రూమ్ తాళం తీశారు. చిలక తాపీగా లిప్‌స్టిక్ వేసుకుంటోంది.

"నన్నెప్పుడు అనుమానించావు బావా?"

"అనుమానించలేదు," అన్నాడు మిడత. "నువ్వు చెబితేనే తెలిసింది."

లేడీ కానిస్టేబుల్ రెక్క పట్టుకుంటే చిలక తలదించుకుని నడిచింది. ఆమె చేతిసంచీ కిందపడితే మిడతే వంగి తీసి అందించాడు. మూడేళ్ల అలవాటు.

మర్నాడు ఆట కంపెనీవాళ్ల నుంచి నోటీసు వచ్చింది. "తోటివారిని నమ్మించి మోసగించినందుకు మీ ఖాతాను శాశ్వతంగా రద్దు చేశాము."

మిడత దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. ఆ నేరానికి ఒక్కరోజులో శిక్షపడే చోటు లోకంలో ఒకటుందని తెలిసి, ఆ పూట కాస్త అన్నం తిన్నాడు.