మైనస్ ఎనభైలో లేబుల్

మార్చి పన్నెండు. సెక్యూరిటీ ఆఫీసర్‌కి ఆ తారీఖు ఇప్పటికీ గుర్తే. ఆ మధ్యాహ్నం ఆయన తిన్నది రెండు బ్రెడ్ ముక్కలు, ఉడికిన గుడ్డులో సగం. మిగతా సగం నోట్లో పెట్టుకోబోతుంటే ఫోన్ మోగింది.

బయోఇన్ఫర్మాటిక్స్ ల్యాబ్‌లో హార్డ్ డిస్క్ మాయం.

అది చిన్నమ్మాయిది. అందరికన్నా చిన్నది కాబట్టి ల్యాబ్‌లో ఆ పేరు. మర్నాడు పదింటికి పీహెచ్‌డీ ఇంటర్వ్యూ, అందులో చూపించాల్సిన పనంతా ఆ డిస్కులోనే. ఉన్నది ఒక్కటే సీటు.

"కాపీ లేదా అమ్మా?"

"సర్వర్‌లో చోటు చాలక పోయినవారమే చెరిపేశాను సార్. నా కొంప మునిగింది."

"చివరిసారి చూసింది?"

"ఒంటిగంటకి. తినడానికి వెళ్తూ."

ల్యాబ్ తాళాలు ఇంకో ఇద్దరి దగ్గర ఉన్నాయి. ఆమెకు కోడింగ్ నేర్పిన సీనియర్ అక్క, టెక్నీషియన్.

"నేను లైబ్రరీలో ఉన్నా," అంది అక్క. "దాని వస్తువు అది చూసుకోకపోతే నన్నడుగుతారేం?"

"నేను క్యాంటీన్‌లో సార్," అన్నాడు టెక్నీషియన్. "ఆ డిస్కులో సినిమాలు కూడా లేవు, నాకెందుకు?"

ల్యాబ్‌లో అప్పటికి వెతకని చోటు శాంపిల్స్ దాచే ఫ్రీజర్ ఒక్కటే. ఆఫీసర్ టెక్నీషియన్‌ని పక్కకు పిలిచి దాని ఉష్ణోగ్రత గ్రాఫ్ చూపించమన్నాడు. మైనస్ ఎనభై డిగ్రీల దగ్గర తిన్నగా సాగిన గీత, తలుపు తెరిచినట్టు, ఒక్కచోట పైకి లేచింది. 1:12.

ఇద్దరూ గ్లవ్స్ వేసుకుని వెతికారు. అడుగు అరలో దొరికింది. రెండు ప్లాస్టిక్ కవర్లు, లోపల తేమ పీల్చే పొట్లం, పైన లేబుల్. 12-03, 1:10.

ఆఫీసర్ దాన్ని విప్పలేదు. తన లంచ్ సంచీలో పెట్టుకుని, ఎవరికీ చెప్పొద్దని టెక్నీషియన్‌కి సైగ చేశాడు. ముగ్గురి చేతా స్టేట్‌మెంట్లు రాయించాడు.

"కింద సంతకం, తారీఖు."

ఇద్దరు తారీఖు వేశారు. అక్క తారీఖు పక్కన 4:40 అని కూడా వేసింది.

ఆఫీసర్ సంచీలోంచి కవరు తీసి అక్క ముందు బల్లమీద పెట్టాడు.

"లేబుల్ లేకుండా ఫ్రీజర్‌లో ఏదీ పెట్టకూడదని నియమం పెట్టింది మీరేనటగా. దొంగతనంలోనూ అలవాటు మానలేదు. తారీఖుతో పాటు టైమ్ వేసేది మీరొక్కరే."

అక్క వేలితో లేబుల్ అంచు సరిచేసింది.

"పీహెచ్‌డీకి మూడుసార్లు అప్లై చేశాను. ఇప్పుడు వయసు దాటిపోయింది. దీని చేత మొదటి లైను కోడ్ రాయించింది నేను. 'అక్కా, నన్ను ఇంటర్వ్యూకి పిలిచారు' అని గెంతుతుంటే కడుపు మండిపోయింది సార్."

"మరి పగలగొట్టలేదే? పసిబిడ్డను చుట్టినట్టు చుట్టారు."

"రెండేళ్ళ పని అది. చేతులు రాలేదు."

చిన్నమ్మాయి కవరు అందుకుంది.

"విప్పకే!" అక్క కేకేసింది. "చల్లగా ఉండగా తీస్తే తేమ పట్టి చస్తుంది. మూడు గంటలు ఆగు."

"రిపోర్టులో ఏం రాయమంటావమ్మా?" అన్నాడు ఆఫీసర్.

"ముందు అది తెరుచుకోనీండి సార్," అంది చిన్నమ్మాయి, అక్క వైపు చూడకుండా.

ఎనిమిదింటికి డిస్కు లైటు వెలిగింది. మొదటి స్లైడ్‌లో చిన్నమ్మాయి పేరు, దాని కింద 'నేర్పినది' అని అక్క పేరు. ఫైలు తారీఖు పోయినవారానిది.

అక్క ముఖం తిప్పుకుంది. కాసేపటికి కుర్చీ దగ్గరకు లాక్కుంది.

"మూడో గ్రాఫ్ తప్పు. ఇటివ్వు."

చిన్నమ్మాయి కీబోర్డు అటు జరిపింది.

రిపోర్టులో 'వస్తువు దొరికింది' అని ఒక్క ముక్క రాసి, ఆఫీసర్ చప్పుడు కాకుండా తలుపు దగ్గరకు వేశాడు.