ఖతాఫ్ ఆకు మీద ఉప్పు

ధాత్రి ఆకు తుంచి నాలుక మీద పెట్టుకుంది. సిద్ధార్థ్‌కి ముచ్చెమటలు పోశాయి.

ఆమె ఖతర్‌లోని అల్ రయ్యాన్‌లో అతని పక్క ఫ్లాట్ అమ్మాయి. వెస్ట్ బేలో ల్యాండ్‌స్కేప్ డిజైనర్. ఖతర్ సముద్రపు ఒడ్డున ఊదారంగులో పూసే ఖతాఫ్ అనే అడవి మొక్కను విత్తనం నుంచి పెంచాలని పట్టుబట్టింది. చల్లిన వాటిలో మొలిచింది ఒక్కటే. ఆఫీసు పని మీద మస్కట్ వెళ్తూ ఆ కుండీని సిద్ధార్థ్ చేతికిచ్చి, "వారానికోసారి నాలుగు చుక్కలు. అంతకు మించి పోస్తే చచ్చిపోతుంది" అని మరీ మరీ చెప్పింది. చాన్నాళ్ళుగా ఆమె కోసమే లిఫ్టు దగ్గర తచ్చాడుతున్నవాడికి ఆ మాటలన్నీ పాటలా వినిపించాయి.

పాటలో పడి అసలు సంగతి అమ్మకు చెప్పడం మరిచిపోయాడు. విజిట్ వీసా మీద వచ్చిన సావిత్రి, బాల్కనీలో కుండీ కనబడగానే తులసికి పోసినట్టు రోజూ స్నానం చేసొచ్చి చెంబుడు నీళ్ళు పోసింది. మొక్క కుళ్ళిపోయింది.

నిజం చెబితే ధాత్రి మళ్ళీ ఈ గుమ్మం తొక్కదు. ఆ భయంతో నర్సరీకి పరిగెత్తి, అలాంటి ఆకులే ఉన్న మొక్క తెచ్చి నాటాడు. ఖతాఫ్ ఆకుల మీద ఉప్పు పేరుకుంటుందని నెట్‌లో చదివి, ఉప్పునీళ్ళు బ్రష్షుతో పూశాడు కూడా.

"ఉప్పగానే ఉందే," అంది మస్కట్ నుంచి తిరిగొచ్చిన ధాత్రి.

అతను ఊపిరి పీల్చుకున్నాడు. ఆమె ఆకును తిప్పి అటువైపూ నాలుక ఆనించింది.

"ఇటు చప్పగా ఉంది. ఖతాఫ్ రెండువైపులా ఉప్పు కక్కుతుందండీ. పెయింటింగ్ బాగానే ఉంది, సగమే వేశారు."

సావిత్రి గబగబా వచ్చింది. "నేనే నీళ్ళు పోశానమ్మా. వాణ్ణేమీ అనకు."

"అమ్మకు చెప్పకపోవడం నా తప్పు," అన్నాడు సిద్ధార్థ్. "అబద్ధం ఇంకా పెద్ద తప్పు. మీరు రావడం మానేస్తారని భయపడ్డాను. మీరంటే నాకు ఇష్టం ధాత్రి గారూ."

ధాత్రి కళ్ళు చెమర్చాయి. పోయిన మొక్క మీద ఆమెకు నిజంగానే ప్రాణం. కానీ ఆకు ఆకుకీ ఉప్పు పూస్తూ కూర్చున్న మనిషిని తలుచుకుంటే నవ్వు ఆగడం లేదు.

"శుక్రవారం విత్తనాలకి నాతో రండి. ఈసారి కుండీ ఇంటింటికీ తిప్పే పని ఉండకూడదు."

"అంటే?"

ధాత్రి అతనికి జవాబివ్వకుండా సావిత్రి వైపు తిరిగింది. "ఆంటీ, మా నాన్నగారి నంబరు చెబుతాను, ఫోన్ తెచ్చుకోండి."