డిథర్ కోసం వేట

రిజర్వాయరు గేటు వాల్వు మెకానిక్ ప్రాణం పోయే ముందు ఒకే ఒక్క మాట అన్నాడు. "డిథర్." టీలో విషం కలిపింది ఎవరో చెప్పకుండానే కన్నుమూశాడు.

గూఢచారి డిపార్ట్‌మెంట్ రెండు రోజులపాటు ఆ డిథర్ అనే విదేశీయుడి కోసం హోటళ్లన్నీ జల్లెడ పట్టింది. మూడో రోజు మధ్యాహ్నం చీఫ్ తన ఏజెంట్ 'పిచ్చుక'ను పిలిచాడు.

"రిజర్వాయరు నిండింది. పైనుంచి ఇంకా వరద వస్తోంది. నాలుగింటికి గేటు ఎత్తాలి. విదేశీ ముఠా ఎత్తనివ్వదని సమాచారం. మెకానిక్ వేషంలో వెళ్లు."

"ఎత్తకపోతే?"

"మట్టికట్ట మీంచి నీళ్లు పొర్లుతాయి. కట్ట తెగుతుంది. కింద ఊరుంది."

ఆ ఊళ్లో కాలవ పక్క ఆఖరి ఇంట్లో పిచ్చుక అక్క ఉంటుంది. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. తమ్ముడు బీమా ఆఫీసులో గుమాస్తా అనుకుంటుంది పాపం. ఇది చీఫ్‌కీ తెలుసు.

నాలుగూ పది. గేటు గదిలో నూనె పంపు తిరుగుతోంది, ప్రెషర్ గేజ్ ముల్లు నిలకడగా ఉంది, వాల్వుకి కరెంటు అందుతోంది. గేటు మాత్రం అంగుళం కదల్లేదు. కిటికీలోంచి చూస్తే నీటికీ కట్ట అంచుకీ మధ్య జానెడు. ఊరు ఖాళీ చేయించడానికి రెండు గంటలు కావాలి, ఉన్నది పావుగంట. పిచ్చుక లైటర్లో కెమెరా ఉంది, పెన్నులో కత్తి ఉంది. వాల్వు విప్పడానికి ఒక్క స్పానర్ లేదు. ఆ సరంజామా ఇచ్చినవాళ్లను మనసారా తిట్టుకున్నాడు.

వాల్వు చివర పిన్ను ఉంది. దాన్ని నొక్కితే లోపలి కడ్డీ జరగాలి. బొటనవేలు చిట్లేదాకా నొక్కినా జరగలేదు.

వెనక తలుపు మూసుకుంది. ఎర్ర చీర, నల్ల కళ్లద్దాలు, చేతిలో పిస్తోలు. ముఠాకీ డిపార్ట్‌మెంట్‌కీ ఒకేసారి కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. అందరూ 'రాణి' అంటారు.

"డిథర్ ఎక్కడ?" అన్నాడు పిచ్చుక.

"అది మనిషి కాదయ్యా. వాల్వులో కడ్డీ బిగుసుకోకుండా కరెంటుతో దానికి సన్నటి వణుకు పెడతారు. అదే డిథర్. వణుకు ఆగితే నూనెలో మడ్డికి పట్టేస్తుంది. వాల్వుకి కరెంటు పంపే సర్క్యూట్ కార్డు మీద దాని స్క్రూ సున్నాకి తిప్పి విరగ్గొట్టింది నేనే."

"కింద మా అక్క ఉంది."

రాణి కళ్లద్దాలు తీసింది. "గేటు ఒక్కరోజు మొరాయిస్తే చాలన్నారు ముఠావాళ్లు. వరద సంగతి చెప్పలేదు. మెకానిక్‌ని చంపుతామనీ చెప్పలేదు." పిస్తోలు బల్ల మీద పెట్టింది. "వాల్వుకి కరెంటు పెంచే ఆ కమాండ్ నాబ్ పట్టుకుని తిప్పు."

నెమ్మదిగా, శిక్షణలో నేర్పినట్టు చెయ్యి అదరకుండా తిప్పాడు. ఏమీ కాలేదు. మళ్లీ తిప్పాడు. కట్ట మీంచి తాడంత సన్నగా నీళ్లు అవతలికి జారాయి. అక్క ఈపాటికి పెరట్లో ఉంటుంది. పన్నెండేళ్ల ఉద్యోగంలో ఎన్నడూ లేనంత భయం వేసింది పిచ్చుకకు. చెయ్యి గజగజలాడింది. సిగ్గేసి రెండో చేత్తో మణికట్టు అదిమి పట్టాడు.

"ఆపకు," అంది రాణి. "వణకనీ."

వదిలేశాడు. చేతితోపాటు నాబ్ అటూ ఇటూ ఊగింది, నాబ్‌తోపాటు కరెంటు ఊగింది. వాల్వు గుర్రుమంది. లోపల ఏదో టక్కుమని వదిలింది. గేటు జానెడు లేచింది, తర్వాత నిలువెత్తు లేచింది. కట్ట మీద నీళ్లు వెనక్కి తగ్గాయి.

రాణి రెండు చేతులూ ముందుకు చాపింది. బేడీలు వేస్తుండగా ఫోన్ మోగింది. అక్క.

"ఒరేయ్, ఎవడో బుద్ధిలేనివాడు గేటు ఎత్తేశాడురా. పెరట్లోకి నీళ్లొచ్చి ఆరేసిన దుప్పట్లన్నీ బురదైపోయాయి. వాళ్ల ఆఫీసుకి ఒక ఫిర్యాదు రాసిపెట్టు. నీ దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది కదా."

"రాస్తాలే అక్కా," అన్నాడు.

ఆ సాయంత్రమే రాసి అక్కకు చూపించాడు. దస్తూరీ మాత్రం అక్క చదవలేకపోయింది.