విడివిడిగా అని రాసిన కాగితం

"మార్లిస్! ఇదేమిటి? ఇదేమిటని అడుగుతున్నాను!"

అత్తగారి కేక వినగానే మార్లిస్ కలుపుతున్న పిండి అలాగే వదిలేసి వంటగదిలోంచి పరుగెత్తుకొచ్చింది. ఎనభైకి దగ్గరపడిన ఎమీలియా చేతికర్రను ఎటో పారేసి, రెండు చేతులతో ఒక కాగితం పట్టుకుని నిలబడి ఉంది! అది నెబ్రాస్కా రాష్ట్ర పన్ను కాగితం. లైబ్రరీలో ఊరివాళ్ళకి ఉచితంగా పన్ను కాగితాలు నింపిపెట్టే డొలోరెస్ గారు, ఒకసారి సరిచూసుకోమని ఇచ్చిన నకలు. అందులో 'వివాహితులు, విడివిడిగా' అన్న చోట గుర్తు పెట్టి ఉంది.

"విడివిడిగానా? నా కొడుకుని వదిలేస్తున్నావా తల్లీ? నాకు మాటమాత్రమైనా చెప్పకుండా..."

"అయ్యో అత్తయ్యా! అది ఉత్త పన్నుల గొడవ. ఆయన అక్కడ, నేను ఇక్కడ ఉన్నాం కదా, అందుకని..."

మాట పూర్తి కాలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. భర్త గ్లెన్ వయోమింగ్ రాష్ట్రంలో, జిలెట్ బొగ్గు గనిలో పనికి వెళ్ళి ఆరేళ్ళయింది. నాలుగు గంటల దారి. రెండు వారాలకోసారి వచ్చి, తలుపులు బాగుచేసి, పెరట్లో గడ్డి కోసి వెళ్ళిపోతాడు. 'మీ ఆయన సొంత ఇల్లు ఎక్కడని రాయమంటారు?' అని డొలోరెస్ గారు అడిగితే, మార్లిస్ అక్కడికక్కడే ఫోన్ చేసింది. "జిలెట్ అనే రాయించు. నా లైసెన్సూ, ఓటూ అన్నీ ఇక్కడే కదా" అన్నాడతను తేలిగ్గా. ఎంత తేలిగ్గా! అయితే ఈ ఇల్లు అతనికి ఏమవుతుంది? ఈ ఇంట్లో ఎదురుచూసే తను ఏమవుతుంది? ఆ మాట రెండు రోజులుగా ముల్లులా గుచ్చుతూనే ఉంది...

కోడలి కన్నీళ్ళు చూడగానే ఎమీలియాకి అనుమానం కాస్తా రూఢి అయిపోయింది. వెంటనే ఫోన్ అందుకుంది.

"ఒరేయ్ గ్లెన్! ఇక్కడ నీ కాపురం కూలిపోతుంటే అక్కడ బొగ్గు తవ్వుకుంటున్నావా? బయల్దేరు ముందు!"

శనివారం మధ్యాహ్నానికల్లా గ్లెన్ ఊడిపడ్డాడు. ముగ్గురూ తిన్నగా లైబ్రరీకి వెళ్ళారు. డొలోరెస్ గారు ఒకప్పుడు గ్లెన్‌కి లెక్కలు చెప్పిన టీచరే.

"ఏం నాయనా, ఇంకా మీ అమ్మని వెంటబెట్టుకునే వస్తున్నావా?" అని నవ్వి, ఆవిడ ఎమీలియా వైపు తిరిగింది. "కంగారు పడకండమ్మా. దేశానికిచ్చే కాగితం ఇద్దరిదీ కలిపే వెళ్తుంది. ఒకరు ఈ రాష్ట్రం, ఒకరు ఆ రాష్ట్రం అయినప్పుడు, రాష్ట్రానికిచ్చేది మాత్రం విడిగా ఇవ్వనిస్తారు. మార్లిస్ బడి వంటగదిలో సంపాదించినంత వరకే ఇక్కడ రాస్తాం. వయోమింగ్‌లో అసలు ఆ పన్నే లేదు. మొగుడూ పెళ్ళాం మొగుడూ పెళ్ళాలుగానే ఉంటారు!"

ఎమీలియా హమ్మయ్య అనుకుంది. మార్లిస్ మాత్రం తల వంచుకునే ఉంది.

"నీ ఇల్లు జిలెట్టే అన్నావు కదూ..." అంది మెల్లగా.

గ్లెన్ ముఖం పాలిపోయింది. "మరేం చేయను మార్లిస్? మూడేళ్ళు బతిమాలాను, వచ్చెయ్యమని. బడి పని వదలనన్నావు. అడిగి అడిగి నోరు మూసుకున్నాను. నా ఇంటికి నువ్వే రాకపోతే నేనేం రాయించను?"

"బడి పనా?" డొలోరెస్ గారు కళ్ళజోడు పైకి తోసుకుంది. "జిలెట్‌లో బడివాళ్ళు వంటశాల మొత్తం నీకప్పగిస్తామంటే వద్దన్నది నువ్వు కాదూ? ఆ ఉత్తరం నాకే చూపించావు!"

ఎమీలియా కోడలి గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"నిజం చెప్పు. ఎందుకు వెళ్ళలేదు?"

"మీరే అన్నారు కదా అత్తయ్యా... ఆయన వెళ్ళిన ఏడాదే, తుంటి ఎముక విరిగినప్పుడు. ఈ ఊరు దాటిస్తే చచ్చిపోతానని. ఆయనకి తెలిస్తే మీ మీద కోపం తెచ్చుకుంటారని..." మార్లిస్ వెక్కి వెక్కి ఏడ్చేసింది.

"ఓసి పిచ్చిదానా! ఆ నొప్పిలో డాక్టరుని కూడా చంపేస్తానన్నాను! అదీ నమ్మావా?" ఎమీలియా ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "ఆరేళ్ళు... నా కోసం మొగుడికి దూరంగా ఉండి, ఒక్క రోజైనా ముఖం చిట్లించలేదే! ఆ మెట్ల ఇల్లు ఎక్కలేక దిగలేక నాకే విసుగొచ్చేసింది. బడి వదలనన్న కోడలు ఒంటరిదైపోతుందని నేను ఇక్కడ కూర్చున్నానే తల్లీ!"

గ్లెన్ ఒక చేత్తో తల్లినీ, ఒక చేత్తో భార్యనీ దగ్గరికి తీసుకున్నాడు. పక్క బల్ల దగ్గర పన్ను కాగితాలతో వచ్చినవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు!

"ఇంతకీ ఈ గుర్తు మార్చమంటారా?" అంది డొలోరెస్ గారు కలం అందుకుని.

"వద్దు," అంది మార్లిస్. "పోయినేడు విడివిడిగానే బతికాం. ఉన్నదున్నట్టు వెళ్ళనివ్వండి."

"అయితే ఈ వేసవిలో వెళ్ళిపోతే, వచ్చేసారి ఇక్కడున్న ఆ కొద్ది నెలలకే రాయాలి. ఆ తర్వాత ఈ రాష్ట్రానికి మీ నుంచి ఏ కాగితమూ అక్కర్లేదు."

"వేసవి దాకా ఎందుకు?" ఎమీలియా అప్పుడే కోటు వేసుకుంటోంది. "ఒరేయ్, నీ బండిలో ముందు సీటు నాది. వెనకాల మీ ఇద్దరికీ చోటు సరిపోతుంది."

"మరి బండి ఎవరు నడుపుతారమ్మా?" అన్నాడు గ్లెన్.

ఆరేళ్ళ తర్వాత మొదటిసారిగా మార్లిస్ పగలబడి నవ్వింది!